ఆరని పూత

"కాలు పెట్టకు. పచ్చిగున్నది."

మాట బయటికి వచ్చేశాక గాని, తను తెలుగులో అరిచానని భోజన్నకు తెలియలేదు. వంటింటి మెట్టు దిగబోతున్న ఆవిడ కాలు గాల్లోనే ఆగిపోయింది. చేతిలో తడిబట్టల బకెట్టు. మెట్టు కింద నుంచి గేటు దాకా అప్పుడే పూసిన నల్లటి డాంబరు పూత నిగనిగలాడుతోంది.

"మీరు తెలుగువాళ్ళాండీ?" అంది ఆవిడ, కాలు వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయి.

"జగిత్యాల దిక్కు. నీదేడ అక్కా?"

"రాజోలు దగ్గర లంక. పాపాయమ్మంటారు." బకెట్టు పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది. "పద్నాలుగు నెలలైంది తమ్ముడూ, ఒక మనిషితో మాట్లాడి. నాకు హిందీ రాదు, ఈళ్ళ ఇంగ్లీషూ రాదు. కుక్కరుతో మాట్లాడుకుంటన్నాను."

అది 1983 నవంబరు. గల్ఫు సముద్రపు ఒడ్డున రువైస్‌లో కంపెనీ ఇళ్ళు. పాపాయమ్మ వంటపని చేసే ఆ ఇంటి దొరది మంచు కురిసే దేశం. అక్కడ చలికాలం రాకముందే ఇంటి ముందు కారు దారికి ఈ పూత పూయాలట. లేకపోతే నీళ్ళు పగుళ్ళలోకి దిగి, గడ్డకట్టి, డాంబరును చీల్చేస్తాయట. ఈ ఎడారిలో మంచెక్కడిదని ఆఫీసులో నవ్వారు. అయినా ఆయన వదల్లేదు. ఈపాటికి తన ఊళ్ళో అందరూ ఆ పని ముగించి ఉంటారన్నాడట.

పొద్దున్నే పూత పూయించి, గేటుకు అడ్డంగా తాడు కట్టించి, "ఆరేదాకా ఎవరూ తొక్కకుండా చూడు" అని తన గ్యాంగులోని భోజన్నకు హిందీలో చెప్పి ఫోర్‌మన్ కరీం పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. కరీం వచ్చి నెలే అయింది. ఎవరితోనూ నవ్వడు. పని మాట తప్ప మాట్లాడడు, అదీ హిందీలోనే.

సాయంత్రం వచ్చి, వంగి, వేలితో పూతను ముట్టుకున్నాడు.

"కచ్చా హై. ఇంకా పచ్చే. రేపు కూడా కావలి ఉండు."

పూత మధ్యాహ్నానికే ఆరిపోయిందని భోజన్నకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఆరిందంటే మర్నాడే గ్యాంగును అబుదాబి వైపు పంపేస్తారు. దొర కూడా ఏమీ అనలేదు. ఆయన దేశపు చలిలో అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది. కారు వీధిలో పెట్టుకుని, గోడ వారగా నడిచి లోపలికి వెళ్ళాడు.

రెండో రోజు పాపాయమ్మ కూరగాయలు మెట్టు మీదికే తెచ్చుకుంది. ఇటు గేటు దగ్గర భోజన్న, అటు మెట్టు మీద ఆమె, మధ్యన నల్లటి పూత.

"మీ ఆవిడ పేరేంటి తమ్ముడూ?"

క్యాంపులో ఇరవై మంది తెలుగు మగవాళ్ళున్నారు. ఎవడూ పెళ్ళాం పేరు పైకి అనడు.

"గౌరవ్వ."

"గౌరవ్వ ఎలా మాట్లాడుద్ది? మీ యాస నాకు గమ్మత్తుగా ఉంది. ఒక మాట చెప్పు."

"పొలం కాడికెంచి ఆల్శంగ వస్తే గడపల నిలవడి అంటది... 'పొద్దువోయింది గాదయ్యా, ఎటు వోయినవ్' అని."

పాపాయమ్మ బెండకాయ పక్కన పెట్టి గొంతు సవరించుకుంది. "పొద్దువోయింది గాదయ్యా, ఎటు వోయినవ్" అంది. అని, తన యాసకు తనే పకపకా నవ్వింది.

భోజన్న నవ్వలేదు. రెండేళ్ళ మూడు నెలల తర్వాత ఆ మాట ఆడగొంతుతో విన్నాడు. మొహం సముద్రం వైపు తిప్పుకుని, "ఇంకొక్కసారి అను అక్కా" అన్నాడు.

ఈసారి ఆమె నవ్వకుండా, నెమ్మదిగా అంది.

ఆ సాయంత్రం కూడా కరీం వేలు పెట్టి చూసి, "కచ్చా హై" అన్నాడు.

మూడో రోజు వంటింటి కిటికీ ఊచలకు బట్టలు ఆరేస్తుంటే పాపాయమ్మ చేతిలోంచి క్లిప్పు జారి పూత మీద పడింది. ఆమె మరిచిపోయి రెండడుగులు వేసి తీసుకుంది. వట్టి కాళ్ళు. మెట్టెక్కాక పాదం తిప్పి చూసుకుంది. చిన్న మరక కూడా లేదు. తల ఎత్తితే భోజన్న ఆమె పాదం వంకే చూస్తున్నాడు.

ఆమె మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చుని, వాళ్ళ లంకలో గోదారి పొంగినప్పుడు పడవలో వంట చేసుకున్న సంగతి చెప్పసాగింది.

ఆ పొద్దు కరీం తొందరగానే వచ్చాడు. పాపాయమ్మ లోపలికి తప్పుకుంది.

"దొర ఆఫీసుకు ఫోన్ చేశాడు. మూడు రోజులైనా ఆరని పూత ఏం పూతని అడిగాడట. రేపు ముదీర్ వస్తానన్నాడట" అన్నాడు హిందీలో.

మేనేజరే వస్తే ఫోర్‌మన్ ఉద్యోగానికే ముప్పు. తన ఆశకు ఇంకొకడు బలి కావడం భోజన్నకు నచ్చలేదు. వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాడు. "పూత మొదటి దినమే ఆరింది భాయ్. నువ్వు పచ్చిగుందంటే నేను కాదనలేదు. ఆ అమ్మ మాటలు వినాలని దాచిన. వీసా కాన్సల్ చేసి నన్ను పంపెయ్. నీ మీదికి రానియ్యకు."

కరీం కోప్పడలేదు. వంగి, ఈసారి వేలు కాదు, అరచెయ్యి మొత్తం పూత మీద ఆనించి కాసేపు అలాగే ఉంచాడు.

"ముదీర్‌తో నేను ఇప్పటికే మాట్లాడాను, రేపు రాడు. చలి దేశపు పద్ధతిలో రెండు పూతలు పడాలని చెప్పాను. రేపు రెండోది పూస్తున్నాం" అన్నాడు, హిందీలోనే.

కరీం వెళ్ళి పికప్ ఎక్కాడు. ఇంజను స్టార్టు చేశాడు. మళ్ళీ ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, అచ్చమైన రాయచోటి తెలుగులో అన్నాడు:

"ఆయమ్మను రేపు రొంత గట్టిగా మాట్లాడమని చెప్పబ్బా. గోడ అవతల బండి నిలిపి ఇంటాంటే సగమే ఇనపడతాంది."