కఫను మోసుకొచ్చిన మనిషి

గత్తాస్ అరుగు మీద కూర్చుని తుపాకి తుడుచుకుంటుంటే గుమ్మం ముందు ఎవరో దగ్గారు.

తలెత్తి చూశాడు. ఎవరో ముసలాయన. ఊరివాడు కాదు. కాళ్ళకు చెప్పుల్లేవు. చాచిన రెండు చేతుల మీద మడతపెట్టిన తెల్లగుడ్డ ఉంది.

శవానికి చుట్టే కఫను.

వీధి వీధంతా పనులు ఆపి చూసింది.

చంపినవాడు తన కఫను తానే మోసుకుని, చచ్చినవాడి ఇంటికి రావడం మా వైపు పద్ధతి. ఇంటి పెద్ద ఆ గుడ్డ అందుకుంటే ఒక గొర్రెను కోసి మనిషిని వదిలేస్తారు. పగ అక్కడితో సరి. అందుకోకపోతే ఆ మనిషి ప్రాణం ఆ ఇంటివాళ్ళ ఇష్టం.

“ఎవరు నువ్వు?” అన్నాడు గత్తాస్.

“ఫానూస్ రక్తం నా మీద వేసుకుని వచ్చాను నాయనా.”

ఫానూస్ గత్తాస్ తమ్ముడు. పోయి నలభై రోజులింకా కాలేదు. చెరకు తోటలోంచి వచ్చిన తూటాకు పోయాడు. కాల్చిందెవరో చూసినవాళ్ళు లేరు. గత్తాస్ మాత్రం బఖీత్ వాళ్ళేనని తేల్చేశాడు. కాలువ నీళ్ళ కోసం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తాతలనాటి తగవు.

బఖీత్ కొడుకు నసీఫ్ సాయంత్రం చక్కెర మిల్లు నుంచి ఈ వీధినే ఇంటికి పోతాడు. గత్తాస్ తుపాకి తుడుస్తున్నది అందుకే. ఊళ్ళో సగం మందికి ఆ సంగతి తెలుసు. నసీఫ్‌కు కూడా చెప్పారు. గత్తాస్‌కు అంత దమ్ము లేదని నవ్వేశాడు.

రెండిళ్ళవాళ్ళూ ఒకే చర్చికి పోతారు, ఒకే రొట్టె విరుచుకుంటారు. అది ఆదివారం మాట.

“నువ్వే కాల్చావా?”

“లెక్క నా దగ్గర తీర్చుకో. బఖీత్ పిల్లాణ్ణి వదిలెయ్.”

“వాళ్ళు నీకేమవుతారు?”

“ఏమీ కారు.”

“మరి మధ్యలో నీకెందుకంట?”

ముసలాయన చేతుల మీది గుడ్డను ఇంకాస్త ముందుకు చాచాడు.

లోపల్నుంచి తల్లి దమియానా వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

“అందుకోరా గత్తాస్. ఎవరైతేనేం, కఫనుతో వచ్చాడు. దొడ్లో గొర్రె ఉంది. ఇంకో తల్లి ఏడుపు నేను వినలేను.”

“ఒక గొర్రెతో సరిపెట్టమంటావా నీ కొడుకు ప్రాణం?”

“ఇప్పటికే ఒక పాపం మూటగట్టుకున్నావు కదరా.”

“అది పొరపాటమ్మా. దేవుడికి తెలుసు.”

తమ్ముణ్ణి పాతిపెట్టిన మర్నాడు గత్తాస్ బఖీత్ వాళ్ళ చెరకులోకి గుడ్డిగా కాల్చాడు. వాళ్ళలో ఎవరికీ గీత పడలేదు. కోతకు వచ్చిన పైఊరి కూలివాడొకడు పడిపోయాడు. పోలీసులు వస్తే ఊరంతా తెలియదంది. పరాయివాడి కోసం సొంత ఊరివాణ్ణి ఎవరు పట్టిస్తారు?

“ఒక్క మాటివ్వు నాయనా,” అన్నాడు ముసలాయన. “నాతో ఆఖరని.”

గత్తాస్‌కు ఒళ్ళు మండింది.

“ఆఖరే. కానీ నీకు తూటా దండగ. అక్కడే నిలబడు. నసీఫ్ ఈ వీధి దాటేదాకా ఆ చేతులు అలాగే ఉండాలి. దించావో, వాడు ఇల్లు చేరడు.”

ముసలాయన తలూపాడు. ఆయన ముఖంలో ఏదో బరువు దిగినట్టయింది.

ఎండ ముదిరింది. వీధి కాలిపోతోంది.

“బఖీత్ వాళ్ళు బాగా మేపినట్టున్నారే, కదలడం లేదు,” అన్నాడొకడు.

“చంపడానికి లేచిన చేతులు మొయ్యడానికి లేవవా?” అన్నాడు ఇంకొకడు, కాండ్రించి ఉమ్ముతూ.

దమియానా చెంబుతో నీళ్ళు తెచ్చి ముసలాయన పెదాలకు అందించబోయింది. గత్తాస్ చెంబు లాక్కుని నేల మీద కుమ్మరించాడు.

మధ్యాహ్నానికి ముసలాయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. మోకాళ్ళు వంగుతున్నాయి, చేతులు మాత్రం కిందికి రావడం లేదు. పెదాలు కదులుతున్నాయి. ఎవరి కోసమో ప్రార్థన. ఉమ్మినవాడు మెల్లగా ఇంట్లోకి పోయాడు.

పొద్దువాలుతుండగా నసీఫ్ సైకిలు మీద వచ్చాడు.

“ఎవర్రా ఈ పిచ్చోడు?” అని నవ్వుకుంటూ తొక్కుకుంటూ పోయాడు.

గత్తాస్ తుపాకి ముట్టుకోలేదు. లేచి ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. ఎందుకో ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు.

“వాడు పోయాడు. ఇక దించు పెద్దాయనా. ఇలా ఇవ్వు,” అంటూ కఫను అందుకోబోయాడు.

గుడ్డ గత్తాస్ చేతికి వచ్చింది. మనిషి నేల మీదికి పోయాడు.

దమియానా ఆయన తల ఒళ్ళోకి తీసుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. “ఇప్పుడారా అందుకునేది?” అంది కొడుకుతో.

వీధిలో ఎవరికీ ఏడవడానికి మొహం చెల్లలేదు.

రాజీ చేయించే పెద్దల్ని తెస్తానని పొద్దున్నే పట్నం వెళ్ళిన పాదిరి, ఊరంతా ‘అబూనా’, అంటే తండ్రీ, అని పిలిచే బిసెంతి, ఒంటరిగా తిరిగొచ్చాడు. జనాన్ని తోసుకుని వచ్చి, శవం పక్కన కూలబడ్డాడు.

“ఇవాళే వస్తాడనుకోలేదు,” అన్నాడు. “ఈయన మీ తమ్ముణ్ణి చంపినవాడు కాదు గత్తాస్. ఈ ఊళ్ళో కాలుపెట్టిందే నిన్న.”

గత్తాస్ చేతిలోంచి కఫను జారిపోతోంది.

“మరి నాతో ఆయనకేం పని అబూనా?”

“నీ ఇల్లెక్కడని అడిగాడు. చెప్పాను. నసీఫ్ విషయం కూడా చెప్పాను. తుపాకి అడుగుతాడని భయపడ్డాను, కఫను అడిగాడు.”

“ఎవరు ఆయన?”

అబూనా తలెత్తలేదు.

“చెరకులో నీ తూటాకు పోయినవాడు ఈయనకు ఒక్కగానొక్క కొడుకు.”