రాగి వాషరు

మణుగూరు ఉద్యోగం నుంచి శనివారం సాయంత్రం ఇంటికి రావలసిన వెంకటనారాయణ ఆదివారం పొద్దెక్కాక వచ్చాడు. మోటారు సైకిలు వాకిట్లో ఆగీ ఆగకముందే దాని కడుపు కింద నుంచి నల్లటి చుక్క ఒకటి సుబ్బరత్నం తెల్లవారుతూనే వేసిన ముగ్గు మీద పడింది. వెనకాలే ఇంకొకటి.

"మళ్లీనా?" అంది సుబ్బరత్నం. రాత్రంతా గుమ్మంలో కూర్చున్నందుకు ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మళ్లీనే. నిన్న బయలుదేరుదామని చూస్తే బండి కింద ఆయిలు మడుగు కట్టింది. ఇంజన్ల చుక్క లేదు. దుకాణాలు మూసేసిండ్రు. ఏం చేయాలె మరి, బండిని నెత్తిన పెట్టుకొని రావాల్నా? పొద్దున ఆయిలు పోయించుకొని వచ్చిన."

"బస్సు పట్టుకొని రావద్దా?"

"మణుగూరు నుంచి అశ్వారావుపేటకు చీకటి పడ్డంక నీకోసం బస్సేస్తరా?" వెంకటనారాయణ చొక్కా విప్పి దండెం మీద పడేశాడు. "అయినా ఒక్క పూట ఆలస్యమైతే ఏమైంది? పిల్లలా జెల్లలా, ఎవరేడుస్తున్నరు ఇక్కడ?"

ఆ మాట ఆమె విననిది కాదు. చెంబుతో నీళ్లందించింది.

చద్దన్నం తిని అతను గోనెపట్టా పరుచుకుని బండి పక్కన వెల్లకిలా పడుకున్నాడు. సుబ్బరత్నం సత్తు పళ్లెం తెచ్చి కింద పెట్టింది. ఇంజన్ చుట్టూ వేలితో తడిమి చూస్తూ, "ఇక్కడ పొడిగుంది, ఇక్కడా పొడిగనే ఉంది," అంటూ పోయాడు. లేచి ఒక్క తన్ను తన్ని ఇంజన్ ఆడించాడు. చుక్క పడింది. ఎక్కడ నుంచో ఇద్దరూ చూశారు. అడుగున ఆయిలు దించే బోల్టు దగ్గర.

సీటు కింద పక్కనున్న నల్ల డబ్బాలోంచి పానా తీసి బిగించబోయాడు. బోల్టు కదల్లేదు.

"బోల్టు బిగుతుగనే ఉంది. కింద వాషరు లేదు, అందుకే చెమరుస్తుంది."

"లేకపోవుడేంది? పోయిన వారం కొత్తది వేసిండ్రు కదండీ. రాగిది. మీ చేతికిచ్చింది నేనే."

"అడివి రోడ్డు, అన్నీ గతుకులే. ఊడి పడ్డది."

"బోల్టు మొత్తం ఊడకుండ వాషరెట్ల ఊడుద్ది?"

వెంకటనారాయణ పళ్లాన్ని చుక్క కిందికి జరిపాడు. పశువుల పాక ఊడుస్తున్న సైదమ్మ చీపురు ఆపి పకపకా నవ్వింది.

"అమ్మ మెకానిక్కయింది అయ్యా. ఇగ షెడ్డు పెట్టియ్యి!"

"అవ్, నిన్ను హెల్పర్‌గ పెట్టుకుంట," అని అతనూ నవ్వాడు.

సుబ్బరత్నానికి నవ్వు రాలేదు. సైదమ్మ పేడతట్ట ఎత్తుకుని వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది:

"ఎవరో కావాలనే ఇప్పుతున్నరండీ. వారమంతా మంచిగున్న బండి, మీరు ఇంటికొచ్చే రోజే ఎందుకు కారుతది? అడివి నడుమ ఇంజన్ పట్టేసి మిమ్మల్ని కింద పడేస్తే? చూసే దిక్కన్న ఉంటదా? మీమీద పగ ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"నాకెవరే పగోళ్లు? పిచ్చి అనుమానాలు నువ్వూ."

"అయితే నన్ను తోలుకపోండి. బండికి నేను కాపలా ఉంట."

"క్వార్టరు రానీ అన్న కదా. నువ్వొస్తే ఆ పామాయిల్ మొక్కలకు నీళ్లెవరు పెడ్తరు?" తువ్వాలు భుజాన వేసుకుని సైకిలు తీశాడు. "బజారుకు పోయి వాషరు తెస్త. వచ్చినంక కిరోసిన్‌తో కడిగి బిగిద్దాం."

అతను వెళ్లాడు గాని ఆమెకు కాలు నిలవలేదు. బోల్టు ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆ పగవాడెవడో ఇంజన్‌కి కంటికి ఆనని చిల్లేదైనా పెట్టాడేమో! కిరోసిన్ డబ్బా కారినప్పుడు ఆమె ముగ్గుపిండి చల్లి చిల్లు పట్టేది. పొడి చోట పిండి రాలిపోతుంది, తడి చోట పట్టుకుంటుంది. ఇంజన్ అయితే మాత్రం ఏం?

పొడి గుడ్డతో ఇంజన్ మీది దుమ్ము దులిపింది. ముగ్గుపిండి గుప్పెళ్లతో తీసి బండి మీద చల్లింది. వంగి, కూర్చుని, బండి చుట్టూ తిరుగుతూ ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. పిండి లేచిపోయింది. బోల్టు చుట్టూ ఒక సున్నా, దాని వెనక ఒక చార మాత్రం మిగిలాయి. ఇంకెక్కడా చిల్లు లేదు. దేవుడా అనుకుని చేతులు దులుపుకుంది.

పానాలు పెట్టుకునే నల్ల డబ్బా మీద కూడా పిండి పడింది. మొగుడు చూస్తే విసుక్కుంటాడని దాన్నీ ఊదింది. పోలేదు. ఇంకా గట్టిగా ఊదింది.

నల్లటి మూత మీద తెల్లగా ఒక చెయ్యి.

అయిదు వేళ్లు, అరచెయ్యి. ఎంత చిన్నదంటే, సుబ్బరత్నం దాని మీద తన చెయ్యి ఆనకుండా పట్టి చూస్తే అరచేతి కిందే మొత్తం దాగిపోయింది. పానా తీసి, బోల్టు విప్పి, పానా మళ్లీ డబ్బాలో పెట్టి, ఆయిలు చేత్తో మూత నొక్కిన పసి చెయ్యి.

ఎంత పాపిష్టివాళ్లు! ఒక మనిషిని చంపడానికి పాలబుగ్గల బిడ్డని వాడుకుంటారా?

వెంకటనారాయణ సైకిలు స్టాండు వెయ్యకముందే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నేను చెప్పలే? మీ పగోడు దొరికిండు. పసిపిల్లలతోని చేయిస్తున్నడు. చూడండి!"

అతను వంగి చూశాడు. ఆ చిన్న చేతి మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందని ఆగాడు.

"ఓసి నా దొంగపిల్లా!" అని మురిపెంగా నవ్వాడు.

పక్కన సుబ్బరత్నం ఉందన్న సంగతి ఆ తర్వాత గాని అతనికి గుర్తు రాలేదు.