బుధు ఏడవలేదు

బుధుని డోలీలో తెచ్చారు. ఊరి నుంచి తారురోడ్డు దాకా ఆరు కిలోమీటర్లు మోశారు. అక్కడ అనంతగిరి వైపు వచ్చే జీపు దొరికింది. ఆసుపత్రికి చేరేసరికి పదకొండు దాటింది.

ఎడమ ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఒంటి మీద ఇంకెక్కడా గీత కూడా లేదు.

"ఎలా జరిగింది?" డాక్టర్ గాయత్రి బుధుని అడిగింది.

"మిరియాలు కోత్తూ సిల్వర్ ఓక్ సెట్టు మీంచి జారినాడు డాట్రమ్మా," అన్నాడు ధర్మ. అతను బుధు పెదనాన్న కొడుకు. "నిన్న సాయంత్రం. రాత్రంతా ఏడిసినాడు. ఊరంతా ఇన్నాం."

వాళ్ళతో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడు అదే ఊరి స్వామి. రెండో మనిషి బుధు మేనత్త సోములమ్మ. అరవై దాటాయి. బుధుని పెంచింది ఆమే.

ఎముకలు లాగి సరిచేయాలి. ఆ రోజు సంత. వార్డుబాయ్ రాలేదు. గాయత్రి మణికట్టు లాగాలంటే మోచేతి పైన ఇంకొకరు పట్టుకోవాలి. ధర్మని పట్టుకోమంది. నర్సు సరళ నరానికి కెటమిన్ మత్తు సూది ఎక్కించింది.

రెండు నిమిషాలకు బుధు చూపు పైకప్పు మీద ఆగింది. గాయత్రి లాగింది. ఎముక కదిలిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

బుధు ఏడవలేదు.

ధర్మ చేతిని చూడటం లేదు. బుధు మొహం చూస్తున్నాడు.

"నొప్పి నేదేటిరా?"

"ఉంది."

"మరి అరవవేటి?"

"ఉంది. నాది కాదు." బుధు నవ్వాడు. కుడిచేయి ఎత్తి గోడవైపు చూపించాడు. "అదిగో, అక్కడుంది."

గోడ దగ్గర సోములమ్మ నిలబడి ఉంది. ధర్మ తలతిప్పి ఆమెను చూశాడు. స్వామి కూడా చూశాడు.

"ఏడవరా గుంటడా," అంది సోములమ్మ. "ఒక్కసారి ఏడు."

గాయత్రి పిండికట్టు వేస్తూ వాళ్ళకు చెప్పింది. "ఈ మందు నొప్పిని పూర్తిగా ఆపదు. చేయి విరిగిందన్న కబురు మెదడుకు చేరుతుంది. ఆ కబురుకు బాధపడే భాగం మాత్రం కాసేపు వేరుపడిపోతుంది. అందుకే నొప్పి ఉందంటాడు, బాధపడడు. గంటలో మామూలైపోతాడు."

"సూదులు మావోళ్ళందరికీ ఏసినారు ఇక్కడ," అన్నాడు స్వామి. "మా ఆడది పురిటికొచ్చి మూడు ఏయించుకుంది. పైకప్పు ఎగిరిపోయేలాగ అరిసింది."

సరళ నవ్వింది. స్వామి నవ్వలేదు.

"అది వేరే మందు," అంది గాయత్రి.

"సూది సూదే గదా డాట్రమ్మా."

పావుగంట తర్వాత సరళ మందుల గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"మేడం, ఆ మగవాళ్ళిద్దరూ వరండాలో చిల్లంగి అనుకుంటున్నారు."

"అంటే?"

"చేతబడి. వాళ్ళ ఊళ్ళో పోయిన నెల ఇద్దరు పసివాళ్ళు జ్వరమొచ్చి పోయారు. ఎవరో చిల్లంగి పెట్టారని అప్పట్నుంచీ గోల."

"ఈ ముసలావిడ మీదా?"

"ఇంకెవరి మీద మేడం? మొగుడు లేడు, పిల్లల్లేరు. ఇతను చూస్తే నొప్పి అక్కడుందని ఆవిడ్ని చూపించాడు. ధర్మ ఎలా చూశాడో గమనించారా? రెండేళ్ళ కిందట అవతలి కొండ మీద ఇలాగే ఒకావిడని కొట్టి చంపేశారు."

సరళది ఎస్.కోట. ఏడేళ్ళుగా కొండ మీద పనిచేస్తోంది.

గాయత్రి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళూ సంత బందోబస్తులో ఉన్నారని, సాయంత్రం వస్తారని చెప్పారు. అంతవరకు ఆగితే ధర్మ, స్వామి ముసలావిడను తీసుకుని వెళ్ళిపోతారు.

గాయత్రి సోములమ్మను వార్డులో మంచమెక్కించి బీపీ చూసింది. నూట ముప్పై ఉంది. రెండొందలని ధర్మకు వినపడేలా చెప్పింది.

"రెండు రోజులు ఇక్కడే ఉండాలి. కదిలిస్తే ప్రాణానికి ప్రమాదం."

"మరి ఈడు?"

"ఇతన్ని తీసుకెళ్ళొచ్చు. మందు దిగిపోతోంది."

ధర్మ స్వామివైపు చూశాడు. స్వామి తలూపాడు.

"నేనూ ఎల్తాను," అంది సోములమ్మ. "గుంటడిని ఒగ్గను." మంచం దిగబోయింది. సరళ భుజాలు పట్టి పడుకోబెట్టింది. సెలైన్ పెట్టింది.

స్వామి వచ్చి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. అతన్ని చూసి సోములమ్మ నోరు మూసుకుంది. గాయత్రి మంచానికీ గుమ్మానికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. అరగంట సేపు అక్కడి నుంచి లేవలేదు.

జీపు వచ్చింది. ధర్మ, స్వామి బుధుని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

"కట్టు తడవకూడదు," అంది గాయత్రి. "పది రోజులకి మళ్ళీ తీసుకురండి."

ధర్మ దండం పెట్టాడు.

జీపు రెండో మలుపు దాటేదాకా గాయత్రి మెట్ల మీదే ఉంది. తర్వాత వార్డులోకి వచ్చి సోములమ్మ చేయి పట్టుకుంది.

"వెళ్ళిపోయారమ్మా. ఇంక నిన్నెవరూ ఏమీ చేయలేరు."

సోములమ్మ సెలైన్ సూది పీకేసింది.

"నన్నెవులేటి సేత్తారు డాట్రమ్మా, పసోళ్ళకి చిల్లంగి పెట్టినాడని ఊరనేది మా బుధునే, ఆడు సెట్టు మీంచి పడనేదు, నొప్పికి ఏడవనోడే చిల్లంగోడని నిన్న ఆళ్ళే సెయ్యి ఇరిసి సూసినారు, ఏడిసినాడని ఒగ్గీసి నీ కాడికి మోసుకొచ్చినారు."