లక్షకు ఒక్కరు తగ్గితే

ఊరి గేటు మీద జనాభా బోర్డు సరిగ్గా లక్ష చూపిస్తోంది. గేటు దాటి వెళ్లిన ప్రతి మనిషినీ అది లెక్కలోంచి తీసేస్తుంది, లోపలికొచ్చినవారిని కలుపుతుంది. ఒక్కరు తగ్గినా ప్రభుత్వం కాన్పుల ఆసుపత్రి మూసేస్తుంది. జనాభా లెక్కల ఉద్యోగి సుభాషిణి, బస్సెక్కబోతున్న నిండు గర్భిణి హైమకు అడ్డం నిలబడింది.

"ఇక్కడ ఆసుపత్రి పెట్టుకుని ఎక్కడికమ్మా?"

"తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి" అంది హైమ అత్తగారు, సంచి వదలకుండా.

"ఈ నెలలో మీరు ఏడోవారు! ఆసుపత్రి పోతే రెండో కాన్పుకు ఎక్కడికెళ్తారు?"

"ఆచారం ఆచారమేనమ్మా."

సుభాషిణి తల పట్టుకుంది. "అయితే ఆ పుట్టింటినే ఇక్కడికి రప్పించండి! మా మేడ మీద వాటా ఖాళీగా ఉంది."

సాయంత్రానికి హైమ తల్లిదండ్రులు, నాయనమ్మ పెట్టెలతో దిగారు. బోర్డు మీద ముగ్గురు పెరిగారు. ఆ వెంటనే ఫోన్ మోగింది. హైమ పుట్టినూరి లెక్కల ఉద్యోగి.

"మేడమ్, మా ముగ్గురినీ వెనక్కి పంపండి! జనం తగ్గారని ఇక్కడ బడి మూసేస్తున్నారు!"

"బారసాలకు మీరూ వచ్చేయండి" అంది సుభాషిణి.