ఘాట్ రోడ్డులో వాగుడుకాయ

"వదినా, వ్యాన్‌లో ముందు సీటు తుడిపించి పెట్టాను. ఇప్పుడే ఎక్కేస్తావా, కాసేపు మొహమాటపడతావా?"

ఆడపడుచు కిసుక్కున నవ్వి, పెడలు మీద కాలేసి తుర్రుమంది.

వదినగారికి, అంటే మన టైలరమ్మకు, ఒళ్ళు మండింది. మండినా ఏమనగలదు?

మూడు రోజుల సైకిలు యాత్ర. మొదటి రోజు పాత రాతివంతెన దగ్గరి ఎత్తులోనే దిగి నడిచింది. రెండో రోజు రాణిగారి సమాధి దాకా సామాన్ల వ్యాన్‌లో, సంచుల మధ్య ఇంకో సంచిలా కూర్చుని వెళ్ళింది.

"కుట్టుమిషను తొక్కే కాళ్ళకు సైకిలొక లెక్కా!" అని బయల్దేరే ముందు కోసిన కోతలన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి.

ఇవాళ ఆఖరి ఎత్తు. కొండ నెత్తిన కోట. అక్కడిదాకా పాములా మెలికలు తిరిగిన రోడ్డు.

"కాలు కింద పెట్టకుండా కోట గుమ్మం దాటతాను. లేదంటే ఈ జన్మలో మళ్ళీ సైకిలు ముట్టను," అని పొద్దున్నే అందరి ముందూ అనేసింది.

అనడానికేం, నాలుకకు ఎత్తుపల్లాలుండవు.

మొదటి మలుపు తిరిగేసరికే జనమంతా కనుమరుగయ్యారు. వెనక వ్యాన్ మాత్రం కోడిపిల్ల కోసం కాచుకున్న గద్దలా మెల్లగా వస్తోంది.

రోడ్డు పక్క బండ మీద కూర్చున్న మనిషొకడు లేచి, సైకిలెక్కి పక్కకొచ్చాడు. చువ్వలాంటి మనిషి. తల ముగ్గుబుట్ట. సైకిలు ఆయనకంటే ముసలిది.

"ఏం పని చేస్తారమ్మా తమరు?"

"బట్టలు... కుడతాను."

"ఓహో! ఆడవాళ్ళవా, మగవాళ్ళవా?"

"అందరివీ."

"ఎడ్లకు కూడానా?"

ఆమె కొరకొరా చూసింది. ఇక్కడ ఊపిరందక చస్తుంటే ఈ పరాచికాలేమిటి?

"అదుగో, ఆ బురుజు ఎవరు కట్టించారో తెలుసా?"

"ఎవరు?"

"నాకూ తెలీదు. తమరికి తెలుసేమోనని అడిగాను."

చెవిలో జోరీగ దూరినట్టయింది. వదిలించుకుందామని గట్టిగా తొక్కింది. జోరీగ కూడా గట్టిగానే తొక్కింది.

తర్వాతి మలుపంతా ఆయన మేక కథ. ఆ పై మలుపు నిండా ఆ మేక మేసేసిన పొరుగాయన పంచె కథ. అది ముగియకముందే పంచె అంచు ఏ రంగో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

చివరి మలుపు గోడలా ఎదురు నిలిచింది.

టైలరమ్మ తొడలు వణికాయి. సైకిలు అటూ ఇటూ తూలింది. ఇక నావల్ల కాదనుకుంది. ఎడమ కాలు పెడలు మీంచి లేచింది కూడా.

"అయినా కుట్టుపనిలో ఏముందమ్మా? రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మిషను కిందకి తోసెయ్యడమేగా!"

లేచిన కాలు ఠక్కున పెడలు మీద పడింది.

"తోసెయ్యడమా? చంక దగ్గర ఒక్క పోగు తేడా వస్తే చొక్కా చెయ్యి ఎత్తనివ్వదు, తెలుసా?"

"ఎత్తడమెందుకు? దించుకునే ఉంటే సరి."

"కాలరు తిప్పడం చేతనవునా నీకు?"

"ఇస్త్రీ పెట్టె చూపిస్తే అదే తిరుగుతుంది."

"అదే తిరుగుతుందా! మరి కాజాలో?"

"కాజా అంటే చిల్లేగా. ఎలకలు కూడా చేస్తాయి."

"నోరు ముయ్యవయ్యా మహానుభావా! నీ మొహం మళ్ళీ నాకు చూపించకు!"

ఆ అరుపుకు కొండ మారుపలికింది. అదే ఊపులో కసికొద్దీ తొక్కి, తలెత్తి చూసేసరికి నెత్తిమీద కోట గుమ్మం!

కాలు కింద పెట్టలేదు.

లోపల ఒకటే చప్పట్లు. ఆడపడుచు పరిగెత్తుకొచ్చి, సైకిలుతో సహా వాటేసుకుంది.

"చూశారా? మా వదిన! మా సొంత వదిన!"

"చాల్లేవే. దిగేటప్పుడు ఆ ముందు సీట్లో నువ్వు కూర్చో."

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. గోడ దగ్గర నిలబడి చూస్తే, మూడు రోజులు తొక్కిన దారంతా చేల మీద పడేసిన కొలత టేపులా మెలికలు తిరిగి కనిపించింది. టైలరమ్మకు ఆ క్షణాన ఒళ్ళు దూదయింది.

దారి చూపించే గైడమ్మాయి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది.

"అంతా బాగుంది గానీ అమ్మాయ్, ఆ పెద్దాయన్ని మాత్రం ఈ దరిదాపులకు రానివ్వకు. నోరా అది, తిరగలా? కింద పట్టుకున్నవాడు ఇక్కడిదాకా ఒక్క క్షణం ఆపితే ఒట్టు!"

"చువ్వలా ఉంటారు, పాత సైకిలు... ఆయనేనా?"

"ఆయనే!"

"చివరి మలుపులో కాళ్ళు బాగా పీకాయా అండీ?"

"కాళ్ళా? ఆయనతో పోట్లాటలో కాళ్ళ సంగతి ఎవరికి గుర్తు..."

సీసా నోటి దగ్గరే ఆగిపోయింది.

టైలరమ్మ గుమ్మంలోకి పరిగెత్తింది. రోడ్డు ఖాళీ. బాగా కిందుగా ఒక పాత సైకిలు జారిపోతోంది.

"అన్నయ్యా! ఓ అన్నయ్యా!"

వినపడినట్టు లేదు. సైకిలు మలుపులో మాయమైంది.

"ఎంత మాటన్నానే తల్లీ! మళ్ళీ ఎప్పుడొస్తాడు? ఒక్క ఘడియ కూర్చోబెట్టి మాట్లాడాలి ఆయనతో."

గైడమ్మాయి నవ్వింది.

"కూర్చుంటే మాట్లాడరు లెండి. ఆయన మా నాన్న. ఇంట్లో ఆయన గొంతు వినాలంటే మేం తుమ్ము కోసం కాచుకోవాలి. ఉన్న మాటలన్నీ ఈ కొండ మీద, అందరికంటే వెనకబడ్డవాళ్ళ కోసమే దాచుకుంటారు."