నాలుగో చాప్టరు

"ఆరేళ్ళు అయిపోయాయండి. ఇచ్చిన ఏడాది పొడిగింపు కూడా నిన్నటితో అయిపోయింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్."

యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌లో క్లర్కు పల్లంరాజు మర్యాదగానే చెప్పాడు. గోదావరి జిల్లాల మనిషి కదా, కాదనేటప్పుడు కూడా రెండు 'అండి'లు ఎక్కువే వేస్తాడు.

"ఒక్క నెల ఇప్పించండి. అయిపోతుంది," అంది దుర్గాశ్రీ.

"పోయిన నెలలో వచ్చినా వీసీ గారి దాకా పెట్టేవాడినండి. ఇప్పుడు కుదరదు. పార్ట్ టైం పీహెచ్‌డీకి రూలే అది. గడువులోగా థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దే. మళ్ళీ కావాలంటే ఎంట్రన్సు రాసి, ఇంటర్వ్యూకి వచ్చి, కోర్సు వర్కు దగ్గర్నుంచి మొదలెట్టాలి. పాత క్రెడిట్లు పనికిరావు."

ఒక ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు.

"దీని మీద ఇద్దరి సంతకాలూ పెట్టించి పంపేయండి."

కోర్సు వర్కు! నాలుగు పేపర్లూ మొదటి ఏడాదే, ఒక్క దెబ్బకి పాసైన కోర్సు వర్కు. దాని వెనక మండపేట చుట్టుపక్కల పొలం గట్లన్నీ ఎండలో తిరిగి, వరి రైతుల నోటి నుంచి ఏరి తెచ్చిన మాటలు ఎనిమిది వందల పైచిలుకు. అన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. ఐదు చాప్టర్లలో మూడు ఎప్పుడో అయిపోయాయి. నాలుగోది పద్నాలుగు నెలలుగా దుర్గాశ్రీ టేబుల్ మీద ఉంది. ఐదోది దాని కింద ఉంది.

గట్టిగా కూర్చుంటే పది రోజుల పని. ఆ కూర్చోవడమే కుదరలేదు. కాలేజీలో క్లాసులు, పిల్లాడి పరీక్షలు, అత్తగారి మోకాలి ఆపరేషను. అన్నీ నిజాలే. ఆ పద్నాలుగు నెలల్లో ఫోన్లో ఐదు వెబ్ సిరీస్‌లు మొదటి నుంచి చివరిదాకా చూసింది. అదీ నిజమే.

జోగేశ్వరరావు మాస్టారు ప్రతి ఆదివారం పదింటికి ఫోన్ చేసేవారు. "నాలుగోది ఏమైనా కదిలిందా అమ్మా?" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే, "తొందరేం లేదులే, నీ వీలు చూసుకునే," అనేసేవారు. ఆయనకి మొహమాటం. ఈమెకి ఆ మొహమాటం అలుసు. "వచ్చే వారానికల్లా అయిపోతుందండి" అని ఎన్ని ఆదివారాలు చెప్పిందో లెక్కలేదు. చివరికి ఆదివారాలు ఫోన్ ఎత్తడమే మానేసింది.

ఫారం బ్యాగులో పెట్టుకుని మండపేట బస్సెక్కింది. ఇది ఫోన్లో చెప్పేసే సంగతి కాదు. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించింది. ఏ మాట అనుకున్నా సాకులాగే ఉంది. తనంటే తనకే అసహ్యం వేసింది.

రైస్ మిల్లు వెనక వీధిలో మాస్టారి ఇల్లు. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆమెని చూడగానే మొహం విప్పారింది.

"రా అమ్మా, రా! నాగరత్నం, ఎవరొచ్చారో చూడు."

ఆయన భార్య కాఫీతో వచ్చింది. "నిలబడే ఉందేంటండీ పాపం, కూర్చోమనండి."

"నా ముందు కూర్చోదే. చిన్నప్పటి నుంచీ అంతే."

"ఈ వేసవికి డాక్టరేటు వచ్చేస్తుందని పాలకొల్లులో మా అక్కకి కూడా చెప్పేశాను తల్లీ," అంది నాగరత్నం. " పట్టా ఇచ్చే రోజు తనూ వస్తానంటోంది. ఏం చీర కట్టుకోవాలని ఇప్పట్నుంచే గొడవ!"

దుర్గాశ్రీ కాఫీ గ్లాసు అలాగే కిటికీలో పెట్టేసింది.

"మాస్టారూ... రిజిస్ట్రేషన్ రద్దయిపోయిందండి."

నాగరత్నం ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"మరి నాలుగోది దాదాపు అయిపోయిందన్నావు కదమ్మా?"

"అబద్ధం చెప్పానండి. పద్నాలుగు నెలల్లో ఒక్క పేజీ కూడా తిప్పలేదు."

అనేసింది. సిగ్గుతో తల కిందికి వాలిపోయింది. చిన్నప్పుడు హోంవర్కు తేని రోజున బెత్తంతో అరచేతి మీద వాయించిన మనిషి. ఇప్పుడు కూడా రెండు వాయిస్తే బావుండుననిపించింది. ఆయన కనీసం గొంతు కూడా పెంచలేదు.

"తప్పు నాదీ ఉందిలే. గట్టిగా అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

"అలా అనకండి మాస్టారూ. తిట్టండి. మీ ఫోన్ అని తెలిసే ఎత్తలేదు నేను."

"తెలుసమ్మా," అన్నారాయన.

ఆ ఒక్క మాటకి ఆమె ఏడ్చేసింది. మాస్టారు పేపరు మడతపెట్టారు. విప్పారు. మళ్ళీ మడతపెట్టారు.

"పోనీ, మళ్ళీ చేరొచ్చు కదా?"

"మొదటి నుంచి రావాలంటండి. ఇంకో ఆరేళ్ళు."

"ఆరేళ్ళు," అన్నారు. వేళ్ళ మీద ఏదో లెక్క వేయబోయి మానేశారు. చెయ్యి చాపారు. "సరే, సంతకాలు కావాలని ఉంటారుగా. ఆ కాగితం ఇలా ఇవ్వు."

ఆమె బ్యాగులోంచి ఫారం తీసి ఇచ్చింది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా నిదానంగా చదివి, 'పరిశోధక విద్యార్థి' అని ఉన్నచోట తన సంతకం చేసి, పక్కనే 'గైడ్' అని ఉన్న గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ నువ్వు పెట్టాలమ్మా," అన్నారు.