తాళం వేసిన గది

ల్యాబు రిసెప్షన్‌లో రాత్రి డ్యూటీ అంటే ఈగలు తోలుకోవడమే. రక్తం తీసే గదికి సాయంత్రమే తాళం వేసి, తాళంచెవి సొరుగులో పడేసి, రిసెప్షనిస్టు ఒక్కతే కూర్చుంది.

రెండు దాటాక ఆ గది వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మోచేతి మడతలో దూది అదిమి పట్టుకున్నాడు.

"రిపోర్టు ఎప్పుడిస్తారమ్మా?"

"రక్తం ఎక్కడిచ్చారు బాబాయ్ గారూ?"

"ఆ గదిలోనే. అమ్మాయి చెయ్యి మంచుగడ్డలా ఉంది గానీ, సూది గుచ్చినట్టే తెలీలేదు."

ఆయన రక్తం నింపిన చిన్న సీసా బల్ల మీద పెట్టాడు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

ఆమె సొరుగు లాగింది. తాళంచెవి ఉంది. తలుపుకి తాళమూ ఉంది.

"లోపల ఎవరూ లేరు బాబాయ్ గారూ."

"ఉందమ్మా," అన్నాడాయన, దూది తీసి చూసుకుంటూ. "తర్వాత నిన్నే రమ్మంది."